రొద ఆగితే చాలా?

"మా ఇంట్లో ఎప్పుడూ గొడవలే ఉండవండీ" అని గర్వంగా చెప్పుకునేవాళ్లని చూస్తే నాకు ముందు ముచ్చటేస్తుంది. ఆ వెనకాలే చిన్న అనుమానమూ వస్తుంది. గొడవ లేకపోవడమూ, శాంతి ఉండడమూ ఒకటేనా? చంటాడు ఏడుపు మానేశాడంటే కడుపు నిండి మానేశాడో, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి మానేశాడో తల్లి చూసుకోదూ? ఇంటి విషయంలో మాత్రం ఆ తేడా చూడం. చప్పుడు ఆగితే చాలు, హమ్మయ్య అనుకుంటాం.

ఈ మీమాంస నాకు ఏ వేదాంత గ్రంథం చదివితేనో కలగలేదు. మా చెల్లెలి కొడుకు గిటారు పుణ్యమా అని కలిగింది.

వాడు మా ఇంట్లో ఉండి ఇంజనీరింగు చదువుకుంటున్నాడు. ఈమధ్య ఎలక్ట్రిక్ గిటారు కొన్నాడు. దాన్ని ఓ చిన్న పెట్టె ద్వారా ల్యాప్‌టాప్‌కి తగిలించి, రెండు స్పీకర్లు పెట్టుకుని వాయిస్తాడు. వాయిద్యం సంగతి సరే, స్విచ్చి వేయగానే గదిలో తుమ్మెదలు దూరినట్టు ఒకటే జుమ్మని రొద. "అదేమిట్రా, తంబురా శ్రుతి పెట్టావా?" అని అడిగితే "కాదు పెద్దమ్మా, అది హమ్. ఎక్కణ్ణించి వస్తోందో తెలీడం లేదు" అని దిగులుపడ్డాడు.

ఇద్దరం కూర్చుని వెతికాం. గిటారు తీగల కింద అయస్కాంతాలూ, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లూ ఉంటాయి. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో కాస్తంత కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. అయితే పాపం, ఆ రాగిచుట్టకి తీగ పాటకీ, గోడలో పోయే కరెంటుకీ భేదం తెలియదు. మన ఇళ్లలో కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపునీ పట్టుకుని పాటలో కలిపేస్తుంది. వాడు గిటారు పట్టుకుని కుర్చీలో పక్కకి తిరిగితే ఆ రొద తగ్గేది, మళ్లీ ఇటు తిరిగితే పెరిగేది.

అది సగం రొద. మిగతా సగం మాత్రం వాడు ఎటు తిరిగినా తగ్గలేదు. ల్యాప్‌టాప్‌కి ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద నడిపితే ఠక్కున ఆగిపోయింది. అక్కడ దొరికాడు దొంగ! ఛార్జరు ఈ గోడ ప్లగ్గులో ఉంది, స్పీకర్లు ఆ గోడ ప్లగ్గులో ఉన్నాయి. రెండింటికీ ఎర్తు ఉంది. మధ్యలో పాట మోసే వైరు రెండింటినీ కలుపుతోంది. భూమికి పోయే దారులు రెండయ్యేసరికి అదంతా ఒక చుట్టులా తయారై, అందులో కొద్ది కరెంటు తిరుగుతోంది. ఇంజనీర్లు దీన్నే గ్రౌండ్ లూప్ అంటారట. చిత్రమేమిటంటే ఛార్జరులో లోపం లేదు, స్పీకర్లలో లోపం లేదు. రొద మాత్రం స్పీకర్లలోంచి వస్తుంది కనుక అందరూ వాటినే తిడతారు.

ఇది వినగానే నాకు ఎన్ని ఇళ్లు గుర్తొచ్చాయో! అత్తగారు పండక్కి ఆడపడుచుని పిలవమంటారు. ఆయనేమో ఈసారి ఖర్చు తగ్గించమంటారు. ఇద్దరిదీ న్యాయమే. కానీ తల్లీకొడుకులు ఒకరితో ఒకరు ఆ మాట చెప్పుకోరు, ఇద్దరూ వచ్చి కోడలికే చెబుతారు. ఇక వంటింట్లో గిన్నెలు మోగవూ? "ఆ అమ్మాయికి కోపమెక్కువ" అని పేరు.

రొద మాన్పడానికి వాడి స్నేహితులు తలో సలహా ఇచ్చారు. ఒకడు నాయిస్ గేట్ పెట్టుకోమన్నాడు. అది కంప్యూటర్లో ఉండే తలుపులాంటిది. వాయించనంతసేపూ మూసుకుని ఉంటుంది, వాయించగానే తెరుచుకుంటుంది. తెరుచుకోగానే పాటతోపాటు రొదా వస్తుంది. "మీ నాన్నగారు వచ్చే వేళయింది, ఇప్పుడా మాటెత్తకు" అనడం ఇలాంటి గేటే. నలుగురు చుట్టాలు కూర్చున్నప్పుడు అదీ అవసరమే, కాదనను. కానీ నోరు తెరిచినప్పుడల్లా పాత రొద వెంట వస్తుంటే అది మందు కాదు, ముసుగు.

ఇంకొకడు "ప్లగ్గుకి పైనున్న లావుపాటి పిన్ను తీసేయ్, రొద పోతుంది" అన్నాడు. నిజంగానే పోతుంది. భయపడాల్సింది అందుకే! ఆ ఎర్తు పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగు. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగులుతుంది, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర వదులుతుంది. లోపల ఏ వైరైనా తెగి లోహానికి తగిలితే కరెంటుని భూమిలోకి పంపి ఫ్యూజు పోయేలా చేస్తుంది. అది లేకపోతే ఆ కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. గిటారు ఉక్కు తీగలు వైరు ద్వారా ఆ పెట్టెలన్నిటితో కలిసే ఉంటాయి. ఆ తీగల మీద వేళ్లు పెట్టుకుని కూర్చునేది మన బిడ్డ. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారు కళాకారుడు, ఎర్తు సరిగా లేని మైకుని ముట్టుకుని షాకు కొట్టి చనిపోయాడు. రొద లేకుండా, హెచ్చరిక లేకుండా ప్రాణం పోవడమంటే ఇదే.

ఇల్లాలు ఎర్తు తీగ లాంటిది, అందరి కోపతాపాలూ తనలో ఇముడ్చుకుంటుంది అని ఇప్పుడు నేను పొగడబోతున్నానని మీరనుకుంటే పొరపాటు. మా వీధిలో వైరింగు పనిచేసే పెద్దాయన్ని పిలిపిస్తే, ఆయన బోర్డు విప్పి చూస్తూ ఒక మాటన్నాడు. "మామూలు రోజుల్లో ఎర్తు తీగ ఖాళీగానే ఉండాలమ్మగారూ. అందులో రోజూ కరెంటు పారుతోందంటే ఎక్కడో తప్పుందన్నమాట." ఓర్పుకి భూదేవితో పోలిక పెట్టి ఎన్ని తరాల ఆడవాళ్లకి జోల పాడారు! ఆపదలో అడ్డుపడడం ఎర్తు ధర్మం. దినదినమూ మోయడం ధర్మం కాదు, అది వైరింగు లోపం.

"అయితే రోజూ పోట్లాడుకోమంటారా?" అని మీరు అడగచ్చు. అక్కర్లేదు. మా వాడు పోట్లాడలేదు, పిన్నూ పీకలేదు. ఆయన చెప్పినట్టు రెండు ప్లగ్గుల్నీ తెచ్చి ఒకే జంక్షన్ బాక్సుకి పెట్టాడు. చుట్టు చిన్నదైంది, ఆ రొద దాదాపు పోయింది. పైసా ఖర్చు లేదు. తల్లీకొడుకుల్ని ఒకచోట కూర్చోబెట్టి "పండగ సంగతి మీరిద్దరూ తేల్చి నాకు చెప్పండి" అనడం కూడా అంతే. మాట కటువుగా ఉంటుందేమో గానీ, ఎవరి ఎర్తూ తెగదు.

రాగిచుట్ట పట్టుకునే రొదకీ మందుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు ఒక చుట్ట బదులు రెండు చుట్టలు, ఒకదానికొకటి ఎదురుగా పనిచేసేలా పెట్టి పేటెంటుకి దరఖాస్తు చేశాడు. రెండూ రొదని సమానంగా వింటాయి కనుక అది కొట్టుకుపోతుంది, పాట మాత్రం కలిసి రెట్టిస్తుంది. వినే భారం ఒక్కరి మీదే పడితే రొద, ఇద్దరూ వింటే పాట!

పాల లెక్కా, పచారీ లెక్కా తప్పకుండా చూసుకునే మనం ఈ ఒక్క లెక్కా వదిలేశాం. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్న రోజున, ఆ నిశ్శబ్దం ఖర్చు ఎవరి పద్దులో పడుతోందో ఒక్కసారి చూడండి. ఎవరి పద్దులోనూ పడకపోతే అది శాంతే. నిశ్చింతగా నిద్రపోండి.