ఏమీ అడగని మనిషి

కోవూరులో అమ్మ జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. "ఎనభై ఆరేళ్ళు బతికింది, ఒక్కనాడూ తనకోసం ఏమీ అడగలేదు" అన్నారు పాస్టరుగారు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఇంటికొచ్చాక ఆ మాటే గుచ్చుకుంది. అడగలేదా, మేం వినలేదా?

శనివారం సాయంత్రం చర్చి చిమ్మి, చాపలు పరిచి, ప్రభురాత్రి భోజనం గిన్నెలు తోమిపెట్టేది. ఎవరికి జబ్బు చేసినా గంజి కాచుకుని పోయేది. మోకాళ్ళు అరిగాక ఒకసారి, "ఈ వారం ఇంకెవురన్నా చిమ్మితే బాగుండు అబ్బయా" అంది. "నువ్వు తప్ప ఎవరు చేస్తార్లే" అన్నాను, ఫోనులోంచి తలెత్తకుండా. పొగిడాననే అనుకున్నాను. ఆ శనివారమూ తనే వెళ్ళింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ప్రార్థన చేసిన అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళే. జూయెట్ దొరసాని, జూలియా, రూతు. ప్రార్థన గనక పేర్లు మిగిలాయి. చీపురు పట్టినవాళ్ళ పేర్లు ఏ మిషను చరిత్రలో వెతకను?

అమ్మ ఇష్టంగానే చేసింది, అది అబద్ధం కాదు. పాపం, అందరూ వాడుకున్నారు అంటే ఆమె సంతోషాన్ని నేను కాజేసినట్టే. త్యాగమూర్తి అంటే నేను తేలిగ్గా తప్పించుకున్నట్టు. ఇష్టంగా ఇచ్చేవాళ్ళ దగ్గర ఎంతవరకు తీసుకోవచ్చు? ఇచ్చే చెయ్యి ఆ లెక్క చెప్పదు. తీసుకునేవాడే ఆగాలి. నేను ఆగలేదు.

మొన్న శనివారం చర్చికి వెళ్తే, పదో తరగతి పిల్ల చిమ్ముతోంది.

"మీ అన్న రాలేదామ్మా?"

"వాడికి ట్యూషనుందంకుల్."

"నీకు?"

"నాకూ ఉంది."