రెండు రహస్యములు

లోకము అడిగి తెలిసికొనదగిన రహస్యములు కొన్ని, అడుగనే కూడనివి కొన్ని కలవు. ఈ రెంటి నడుమ గీత యెచ్చట గీయవలెనో సంఘము అరుదుగా విచారించును. ఇంటి పెద్ద చేసిన అప్పెంతయో అడుగుటకు వెనుకాడు చుట్టములే ఆ యింటి కోడలి కడుపేల పండలేదో అడుగుటకు వెనుకాడరు. అడుగవలసినది అడుగక, అడుగరానిది అడుగు ఈ తారుమారు ఒక మనుష్యుని బ్రదుకునెల్ల ఎట్లు చుట్టుకొనగలదో తెలియగోరువారు షెవాలియే దేయోను చరిత్రమును చదువవలెను.

దేయోను నలువది తొమ్మిదేండ్లు పురుషుడుగను, పిమ్మట ముప్పది మూడేండ్లు స్త్రీగను లోకమున మెలగిన ఫ్రెంచి ప్రవాసి. 'ఆయన' యనవలెనా, 'ఆమె' యనవలెనా యని చరిత్రకారులు తర్కించిరి. మన తెలుగున 'వారు' అను గౌరవవాచకము స్త్రీపురుష భేదమెరుగదు గనుక మేము దానినే వాడెదము.

వారు 1728లో బర్గండీ సీమలోని తొన్నేర్ పట్టణమున జన్మించిరి. పదునైదవ లూయీ రాజు తన మంత్రులకు సైతము తెలియకుండ నడపుచుండిన రహస్య దౌత్యవర్గమున చేరి, 1756లో రష్యాకు పోయిరి. సప్తవర్ష సంగ్రామమున అశ్వదళ నాయకులై పోరాడిరి. 1763లో ఇంగ్లండుతో జరిగిన ప్యారిస్ సంధికై పాటుపడి, సెయింట్ లూయీ బిరుదమును పొందిరి. లండనులో కొంతకాలము రాయబారి పదవిని నిర్వహించిరి. సంధి జరిగిన యా యేడే, ఇంగ్లండుపై దండెత్తుటకు అనువైన తీరములను పరిశీలించు పనిలో పాల్గొనుమని రాజు వారికి రహస్యముగా ఉత్తరము వ్రాసెను. ఇది మొదటి రహస్యము.

క్రొత్తగా వచ్చిన రాయబారితో దేయోనుకు కలహము పుట్టెను. స్వదేశమునకు మరలి రమ్మన్న ఆజ్ఞను వారు ధిక్కరించి, 1764లో ఉద్యోగ సంబంధమైన లేఖలను గ్రంథముగా అచ్చు వేయించిరి. ఐరోపా విస్తుపోయెను. కాని దండయాత్రకు సంబంధించిన లేఖలను మాత్రము బయలుపెట్టక తమయొద్ద దాచుకొనిరి. 1766లో రాజు వారికి ఏటికి 12,000 లీవ్రుల భరణమేర్పరచెను. మౌనమునకు వెల కట్టి పుచ్చుకొనుట ఘనకార్యమని మేము చెప్పము. అయినను సంధి చేసిన చేతితోనే యుద్ధమునకు మార్గము వెదకిన రాజు నీతి యేపాటిది? ఆ పెట్టెలోని కాగితములపై రెండు దేశముల సామాన్యుల ప్రాణములు వ్రేలాడుచుండెను. దానిని గూర్చి ప్రశ్నించు హక్కు ఆ ప్రజలకు నిస్సంశయముగా కలదు.

లండను నగరము ప్రశ్నించినది వేరు. దేయోను స్త్రీ యను వదంతి 1770 ప్రాంతమున పుట్టగా, జూదరులు వారి దేహముపై వేల పౌనుల పందెములు వేసిరి. దేయోను దేహపరీక్షకు ఒప్పుకొనలేదు. తుదకు 1777 జులైలో ఒక పందెపు తగాదా మాన్స్‌ఫీల్డు ప్రభువు న్యాయపీఠము నెక్కెను. ఎవరి శరీరమును గూర్చి విచారణ జరిగెనో వారు సభలో లేకయే, సాక్షుల మాట విని, జూరీవారు వారిని స్త్రీగా నిర్ణయించిరి.

1774లో ముసలి రాజు మరణించెను. మరుసటి యేడు క్రొత్త రాజు పక్షమున బోమార్షే యను నాటకకర్త లండనుకు వచ్చి దేయోనుతో ఒడంబడిక చేసికొనెను. అందలి షరతులు చూడుడు: దేయోను రాజలేఖలను తిరిగి ఇచ్చివేయవలెను, తాము స్త్రీనని ఒప్పుకొని స్త్రీవేషము ధరింపవలెను, భరణము కొనసాగును. ఒక్క పత్రముననే రెండు రహస్యములును బేరమాయెను! ప్రజలకు చెందవలసిన రహస్యము రాజుగారి పెట్టెలోనికి పోయెను. ఒక వ్యక్తికి మాత్రమే చెందిన రహస్యము వీధికెక్కెను.

1777లో దేయోను సైనిక దుస్తులతో ఫ్రాన్సునకు మరలి రాగా, స్త్రీవేషము వేసికొనవలెనని రాజాజ్ఞ వెలువడెను. రాణి మరీ ఆంత్వానెత్ దర్జీయగు రోజ్ బెర్తాన్ వారికి వస్త్రములు కుట్టెను. అమెరికా యుద్ధమునకు పోవ తలపెట్టి మరల సైనిక వేషము కోరినందుకు 1779లో వారిని దిజోనులో నిర్బంధించిరి. ఇంతవరకు చూచినచో ఇది కేవలము బలవంతపు వేషమని తోచును. కాని 1785లో లండనుకు మరలిన పిమ్మట ఆజ్ఞాపించు రాజు లేడు; విప్లవములో భరణమును పోయెను; ఐనను వారు తుదివరకు స్త్రీగానే మెలగిరి. స్త్రీవేషముతోనే కత్తిసాము ప్రదర్శించి పొట్ట పోసికొనిరి. స్త్రీల సైన్యమునకు నాయకత్వము వహింతుమని 1792లో ఫ్రెంచి శాసనసభకు విన్నవించుకొనిరి. బలవంతము తొలగిన తరువాత మనుష్యుడు దేనిని విడువకుండునో అదియే వాని స్వంతమని మా తలంపు.

1810లో దేయోను బీదతనమున మరణించిరి. వైద్యులు సాక్షుల సమక్షమున శవమును పరీక్షించి, పురుషదేహమని ధ్రువపరచిరి. ఏండ్ల తరబడి వారితో ఒకే యింట కాపురమున్న వృద్ధ వితంతువు సైతము నివ్వెరపోయెను.

ఇచ్చట కొందరు ఆక్షేపింపవచ్చును: "స్త్రీగా పుట్టి బాలునివలె పెంపబడితిమని వారు వ్రాసికొనిరే, అది అసత్యము కాదా?" అసత్యమే, దానిని మేము పొగడము. కాని న్యాయస్థానము, రాజు, జూదరులు, పత్రికలు ఏకమై "నీవెవరు? ఒక్క మాటలో చెప్పుము" అని నిర్బంధించినపుడు, ఆ ఒక్క మాటలో ఇమడని మనుష్యుడు ఏమని బదులు చెప్పును? ఆ యసత్యమున సగము పాలు అడిగినవారిది.

విశేషమేమనగా, న్యాయస్థానమే ఈ సంగతిని తరువాత గ్రహించెను. 1778లో ఇట్టిదే మరియొక వ్యాజ్యము రాగా, పందెముతో సంబంధము లేని మూడవ మనిషి మనస్సును నొప్పించి, అసభ్య సాక్ష్యములకు దారి తీయు పందెము చెల్లదని ఆ మాన్స్‌ఫీల్డు ప్రభువే తీర్పు చెప్పెను. జూదరులు తగ్గిరి, కుతూహలము మాత్రము తగ్గక శవశయ్య వరకు వెంబడించెను.

దేయోను నడవడిని విమర్శించుట కెవరికైనను అధికారము కలదు. రాజలేఖలను దాచి ధనము పుచ్చుకొనుట తప్పా యొప్పా యని వాదింపవచ్చును. ఏలయన దానివలన ఇతరులకు కలుగు మేలు కీడులు కలవు. వారి దేహమువలన ఎవరికేమి నష్టము? ఒకరి రహస్యమును గూర్చి నోరు విప్పుటకు ముందు ఈ ప్రశ్న వేసికొనుట మనము అలవరచుకొన్నచో, మన యిండ్లలో అనేకుల కన్నీరు తగ్గును. అడుగవలసిన వారిని అడుగవలసినది అడుగు ధైర్యమును మనకు కలుగును.