‘ఇది అదే’ అన్న మాట: ఇంజిన్ బ్లాకులో అవయవి విచారం

భాగాలు ఒక్కొక్కటిగా మారుతూ వచ్చిన వస్తువును ఎంతవరకు ‘అదే వస్తువు’ అనవచ్చునన్నది భారతీయ దర్శనాలలో దీర్ఘకాలం నలిగిన వివాదం. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీనికి కుండను, వస్త్రాన్ని ఉదాహరణగా తీసుకోగా, బౌద్ధులు రథాన్ని తీసుకున్నారు. ఈ కాలపు రథం మోటారు కారు కనుక, ఆ విచారాన్ని దాని ఇంజిన్ బ్లాకుకు అన్వయించి చూడటం అసంగతం కాదు. సిలిండర్లకు, వాటి చుట్టూ నీరు పారే దారులకు, అడుగున తిరిగే క్రాంక్‌షాఫ్టుకు ఆధారంగా, తరచుగా పోత ఇనుముతో, ఏకఖండంగా పోసిన భాగమే ఇంజిన్ బ్లాకు.

ఇంగ్లండులోని అబింగ్డన్ కర్మాగారంలో తయారైన ఎం.జి. స్పోర్ట్స్ కార్లు ఇందుకు తగిన దృష్టాంతం. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. కారులో ‘బి-సిరీస్’ కుటుంబానికి చెందిన 1489 సి.సి. ఇంజిన్ ఉండేది. అది 1959లో 1588 సి.సి.కి, 1961లో 1622 సి.సి.కి పెరిగి, 1962లో ఎం.జి.బి. వచ్చేనాటికి 1798 సి.సి. అయింది. పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరమైన స్ట్రోక్ ఈ నాలుగింటిలోనూ 88.9 మిల్లీమీటర్లుగానే నిలిచి ఉండగా, సిలిండర్ వ్యాసమైన బోర్ మాత్రం 73 నుంచి 80.26 మిల్లీమీటర్ల దాకా పెరిగింది. తొలి ఎం.జి.బి. బ్లాకులో క్రాంక్‌షాఫ్టును మూడు మెయిన్ బేరింగులు మోసేవి. పెరిగిన బలానికి అది మరింత స్థిరంగా తిరగడం కోసం 1964 చివరలో వాటిని ఐదు చేశారు. మూడు బేరింగుల బ్లాకులోని క్రాంక్‌షాఫ్టు ఐదు బేరింగుల బ్లాకులో కూర్చోదు. అయినా రెండింటికీ పేరు ఒకటే.

ఈ వంశంలోని మరొక శాఖ తెలుగువారికి చిరపరిచితం. 1958 నుంచి 2014 దాకా ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ కారు దశాబ్దాల పాటు ఇదే 1489 సి.సి. బి-సిరీస్ ఇంజిన్‌తో నడిచింది. సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో ఒక పాత ఇంటి ఆవరణలో అంబాసిడర్ పక్కన తొలినాటి ఎం.జి.ఎ. నిలిచి ఉన్నదనుకుంటే, ఒకటి పెళ్లివారి బండి, మరొకటి పందెపు బండి అని చూసేవారు వేరు చేస్తారు. కాని బానెట్లు ఎత్తి చూసిన మెకానిక్కుకు, ఒకదానిపై ఒక కార్బురేటరు, మరొకదానిపై రెండు కార్బురేటర్లు ఉన్నా, కింది ఇనుము ఒకే ఇంటిదని తెలుస్తుంది.

అప్పుడు ‘స్పోర్ట్స్ కారు ఇంజిన్’ అన్నది నిజమైన జాతియా, కాదా అన్న ప్రశ్న వస్తుంది. అనేక వ్యక్తులలో ఒకటిగా ఉండే నిత్యధర్మం జాతి అని నైయాయికుల మతం. అయితే ఉదయనాచార్యుడు జాతిని నిరాకరించే ఆరు బాధకాలను చెబుతూ వాటిలో సంకరాన్ని చేర్చాడు. రెండు ధర్మాలు కొన్ని చోట్ల కలిసి ఉండి, మరికొన్ని చోట్ల ఒకదానిని విడిచి ఒకటి ఉంటే ఆ రెండూ జాతులు కాలేవని దాని భావం. ఎం.జి.ఎ. ఇంజిన్‌లో బి-సిరీస్ ధర్మమూ స్పోర్ట్స్ కారు ధర్మమూ కలిసి ఉన్నాయి. అంబాసిడర్‌లో మొదటిదే ఉంది. వేరే సంస్థల స్పోర్ట్స్ కార్లలో రెండవదే ఉంది. కనుక వీటిలో ఒకటైనా జాతి కాదు; వ్యవహారం కోసం మనం ఆరోపించిన ఉపాధి మాత్రమే. మారని 88.9 మిల్లీమీటర్ల స్ట్రోకును ఆశ్రయించినా చిక్కు తీరదు. న్యాయానికి సోదర దర్శనమైన వైశేషికం మతంలో పరిమాణం గుణం, గుణం తన ద్రవ్యాన్ని విడిచి మరొక ద్రవ్యానికి పోదు.

ఒకే కారు విషయంలో ప్రశ్న ఇంకా సూక్ష్మమవుతుంది. పదిహేడవ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో అవయవాలకు, వాటివల్ల ఏర్పడిన అవయవికి మధ్య ఉన్నది సమవాయమన్నాడు; అంటే విడదీయరాని సంబంధం. దారాలు వస్త్రానికి సమవాయి కారణాలు కనుక, ఒక దారం తొలగినా పాత వస్త్రం నశించి ‘ఖండపటం’ అనే కొత్త వస్త్రం పుడుతుందని ఆ సంప్రదాయం వాదిస్తుంది. ఆ లెక్కన అరిగిన సిలిండర్లను లేత్ షాపులో రీబోర్ చేయించినప్పుడల్లా, రాలిన ఇనుప పొడితో పాటు పాత బ్లాకు కూడా పోయినట్టే. ‘ఇది అదే’ అన్న గుర్తింపు అక్కడ వ్యక్తి ఐక్యం వల్ల కాక, దీపజ్వాల విషయంలో వలె సాజాత్యం వల్ల, అంటే ఒకే తీరుగా ఉండటం వల్ల, కలుగుతుంది.

బౌద్ధ భిక్షువు నాగసేనుడు గ్రీకు రాజు మిలిందునికి చెప్పిన సమాధానం దీనికి భిన్నం. ఇరుసూ, చక్రాలూ రథం కావు, వాటికి వేరుగానూ రథం లేదు. భాగాల కూడికను ఆశ్రయించి పుట్టిన వ్యవహార నామమే రథం. మూడు బేరింగుల బ్లాకు నుంచి ఐదు బేరింగుల బ్లాకు దాకా సాగిన చరిత్రకు ఈ దృష్టి ఎక్కువగా సరిపోతుంది. ఎందుకంటే అక్కడ నిలిచి ఉన్నది ద్రవ్యం కాదు, ముందుది తర్వాతి దానికి హద్దులు నిర్ణయిస్తూ సాగిన సంతానం, అనగా ప్రవాహం. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు మట్టి, బంగారం తర్వాత గోళ్లు తీసే ఇనుప పనిముట్టును చూపి, వికారం పేరు మాత్రమేనని, లోహమే సత్యమని బోధించాడు. కొలిమిలో కరిగించిన బ్లాకు విషయంలో అది కాదనలేనిదే; కాని ఎం.జి.ఎ. బ్లాకుకూ అంబాసిడర్ బ్లాకుకూ తేడా అడిగినవానికి రెండూ ఇనుమేనన్న సమాధానం చాలదు.

చట్టం కూడా ఈ వివాదంలో తెలియకుండానే ఒక పక్షం వహించింది. 2021 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల సవరణ ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనం ‘వింటేజ్’ గుర్తింపు పొందాలంటే దాని చాసిస్, బాడీ, ఇంజిన్ గణనీయమైన మార్పుకు లోనుకాకుండా మూలరూపంలో ఉండాలి. ‘గణనీయమైన’ అన్న ఒక్క విశేషణంతో చట్టం ఖండపట వాదాన్ని పక్కన పెట్టింది. రీబోరింగుకు ఓర్చుకొని, రూపభేదానికి మాత్రం ఓర్చుకోలేదు. అయితే బి-సిరీస్ ఇంజిన్ సంఖ్య బ్లాకుకు రివెట్లతో బిగించిన చిన్న రేకుపై ఉంటుంది. ఇనుముకూ ఆ రేకుకూ మధ్య ఉన్నది సమవాయం కాదు, సంయోగం, సంయోగం విడదీయదగినది. రివెట్లు ఊడదీసి రేకును మరొక బ్లాకుకు బిగిస్తే, కాగితంపై ‘అదే ఇంజిన్’ అయినది కూర్పులో వేరొకటి కావచ్చు. అందుచేత ‘ఇది అదే’ అన్నవారిని ముందుగా అడగవలసినది, ఆ మాట వ్యక్తిని గురించా, జాతిని గురించా, ప్రవాహాన్ని గురించా, లేక రేకును గురించా అన్నదే.