గొట్టము మారిన మాత్రమున నది శుద్ధమగునా?

మంత్రాలయమునకు వచ్చు భక్తుడు తుంగభద్రలో స్నానమాడి, శ్రీ రాఘవేంద్రస్వామివారి బృందావనమును సేవించి, తిరుగుదారిలో కొబ్బరిబొండము త్రాగును. అందు నిలుపు స్ట్రా యను ప్లాస్టిక్ గొట్టము 2022 జూలై 1 నుండి దేశమంతట నిషిద్ధము. దానికి మారుగా వర్తకులు కాగితపు గొట్టము నిచ్చిన, ప్రకృతికి నిజముగా మేలు కలుగునా?

కొంత కలుగును. నదిలో పడిన కాగితము నాని శిథిలమగును. ప్లాస్టిక్ సన్నని తునుకలై చిరకాలము నిలిచి చేపల కడుపులలో చేరును. కాని కాగితమునకును చెట్టు, నీరు, ఇంధనము వ్యయమగును. గొట్టమును మార్చిన అంగడిలోనే సరకు పలుచని ప్లాస్టిక్ సంచిలో చేతికి వచ్చుచున్నచో ఆ మేలెంత?

గీత పదునెనిమిదవ అధ్యాయము త్యాగమును, విడుచువాని మనోభావమును బట్టి మూడు విధములుగా విభజించినది. వస్తువును విడిచి, ఒకసారి వాడి పారవైచు బుద్ధిని నిలుపుకొనుట వట్టి మార్పిడియే యగును.

ఆదోని ప్రత్తికిని, ఎమ్మిగనూరు మగ్గమునకును పేరుగన్నవి. ఆ నూలుసంచియైనను పలుమారులు వాడిననే సార్థకము. బొండము నెత్తి త్రాగుట, సంచిని ఇంటినుండి తెచ్చుట, స్నానఘట్టమున ఏమియు విడువకుండుట మన చేతిలోనివి. వర్తకుడు ఆరంభించినదానిని భక్తుని నియమమే పూర్తిచేయవలెను. తుంగభద్రమ్మకు మనము చేయదగిన సేవ యదియే.