గడియారము ఎప్పుడు చూడవలెను?

మన యౌవనస్థులలో కొందరు టెన్నిస్ లీగులలో ఆడుచున్నారు. అక్కడ తరచుగా అంపైరు ఉండడు, ఆటగాళ్లే తీర్పరులు. గనుక ఆలస్యమును గూర్చి తగవులు వచ్చును. అమెరికా టెన్నిస్ సంఘము నియమావళిలో 5 నిమిషముల లోపు ఆలస్యమునకు టాసుతోపాటు ఒక గేము, 10 లోపు రెండు, 15 లోపు మూడు పోవును. 15 దాటినచో ఆటే పోవును.

మన చెన్నైలో అన్నాసాలై రద్దీ దాటి ఒకడు 20 నిమిషములు ఆలస్యముగా వచ్చెననుకొందము. ఎదుటివాడు "ఫరవాలేదు, ఆడుదాము" అనెను. ఆడి ఓడిన తరువాత గడియారము చూపి, గెలుపు తనదే అనుచున్నాడు. ఇది న్యాయమా?

కాదని మా తలంపు. ముందే పట్టుబట్టియుంటే అతనిని కఠినుడనము. ఎండలో వేచియున్నవాని సమయమునకును విలువ గలదు. అయితే ఆడుటకు ఒప్పుకొన్నప్పుడే ఆ హక్కును విడిచెను. ఆడిన స్కోరే వ్రాయవలెను. మత్తయి 18లో రాజు క్షమించిన అప్పును మరల అడుగలేదా అందురేమో. అడిగెను. దాసుడు తోటివానిని కరుణించనందుకు అడిగెను గాని, తనకు డబ్బు తక్కువైనందుకు కాదు.

ముందే నిర్ణయించుకొని నష్టమును భరించిన వారును ఉన్నారు. 1974 డేవిస్ కప్ ఫైనలులో వర్ణవివక్షను నిరసించి భారతదేశము దక్షిణాఫ్రికాతో ఆడలేదు. మన ఊరి అమృతరాజ్ సోదరులు ఆ జట్టువారే. కప్పు దక్షిణాఫ్రికాకు పోయెను.