కడ్డీకి చుట్టిన వాలు

కొండెక్కే ఘాట్ రోడ్డును తెచ్చి ఇనుప కడ్డీకి చుట్టారనుకోండి, అదే మర. ఒక వాలు, దానికో చుట్టు. ఇంత చిన్న ఊహ లోకంలో ఎన్ని బరువులు మోస్తోందో తలుచుకుంటే నాకు ఆశ్చర్యం తీరదు.

పది మిల్లీమీటర్ల మామూలు బోల్టును వెలుగుకు పెట్టి చూడండి. అరవై డిగ్రీల కోణంలో పళ్లు, పంటికీ పంటికీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్లు. నట్టు ఒక చుట్టు తిరిగితే జరిగేది అంతే. ఆ ఏటవాలు అంచులే నట్టును ఒరుసుకుని పట్టేస్తాయి. స్పానర్ తీసేశాక పట్టు నిలబెట్టేది ఆ రాపిడే.

స్క్రూ జాకీ పళ్లు అలా ఉండవు. నలుపలకలుగా, గ్రీజు పూసుకుని, దిట్టంగా ఉంటాయి. ఏటవాలు లేదు కనుక రాపిడి తక్కువ, బలమంతా నేరుగా పైకే. రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లంలో పడితే, గోడల కింద వరసగా ఈ జాకీలే పెట్టి ఇంటిని ఇంటిగా లేపుతారు. పనివాళ్లు ఒక్క లెక్కన రాడ్లు తిప్పుతుంటే కప్పుతో సహా ఇల్లు కాస్త కాస్తగా పైకొస్తుంది. చెయ్యి తీసినా దిగదు! ఎత్తడానికి చాలినంత నునుపు, జారనివ్వనంత రాపిడి ఒకే వాలులో కుదిరాయి. మరలన్నిటిలో నాకు ఇదే గొప్ప.

నీళ్ల గొట్టం మర చివరికి సన్నబడుతుంది, తిప్పేకొద్దీ బిగుస్తుంది. అప్పటికీ పళ్ల సందున నీటికి సన్నటి దారి మిగులుతుంది, టెఫ్లాన్ టేపు చుట్టేది అందుకే. ఆ పళ్ల కోణం 55 డిగ్రీలు. ఒక్కో కార్ఖానా తనకు తోచినట్టు మరలు కోసుకుంటున్న రోజుల్లో, 1841లో, ఇంగ్లండ్‌లో జోసెఫ్ విట్‌వర్త్ అందరికీ ఒకే కొలత ఉండాలని చెప్పిన కోణం అది. ఎక్కడో కోసిన బోల్టు, మరెక్కడో కోసిన నట్టు మొదటి చుట్టులోనే కలిసిపోవడం అలాంటి ఒప్పందం పుణ్యమే.

ఇక ఎడమ మర, అంటే ఎడమకు తిప్పితే బిగిసేది. సైకిల్ ఎడమ పెడల్‌కు ఉండేది ఇదే, తొక్కేకొద్దీ ఊడిపోకుండా. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్‌కు కుడి మర, ఎసిటిలీన్‌కు ఎడమ మర. ఒకదాని గొట్టం ఇంకోదానికి బిగించబోతే మరే ఒప్పుకోదు. ఎసిటిలీన్ నట్టు మూలల మీద చిన్న గాట్లు కూడా పెడతారు, పట్టుకోబోయే ముందే ఇది ఎటు తిరుగుతుందో తెలిసేలా.