హామీగా ఉన్న బిడ్డ

మా విచారణలో జ్ఞానోపదేశం చెప్పేటప్పుడు ధన్య తకయామా ఉకోన్ పేరు వస్తే అందరికీ 1587 గుర్తొస్తుంది. జపాన్ పాలకుడు హిదెయోషి క్రైస్తవ మతం వదలమన్నాడు, ఉకోన్ మతం ఉంచుకుని ఆకాషి సంస్థానం వదిలేశాడు. గొప్ప పనే, కాదనను. నా మనసు మాత్రం 1578 దగ్గరే కొట్టుకుంటుంది.

అప్పుడు ఉకోన్ తకత్సుకి కోటకు దొర. అతని పై దొర అరాకి మురాషిగే, తన ప్రభువైన ఓదా నొబునాగా మీద తిరగబడ్డాడు. ఉకోన్ కొడుకూ తోబుట్టువూ అరాకి దగ్గర హామీగా ఉన్నారు. కోట అప్పగించకపోతే యేసు సభ గురువులను చంపుతానని నొబునాగా కబురు పెట్టాడు. అప్పగిస్తే కొడుకు దక్కడు.

ఇక్కడ అబ్రహామును తెచ్చి చెప్పడం నాకు నచ్చదు. ఈసాకును అడిగింది దేవుడు, కత్తిని ఆపిందీ ఆయనే. ఉకోన్‌ను అడిగింది ఒక యుద్ధప్రభువు. దేవుడు అడగని బలిని విశ్వాసమని ఎలా అనను?

ఉకోన్ జుట్టుముడి కోసేసుకున్నాడు. కత్తులు వదిలి, కాగితపు అంగీతో కోట దాటి నొబునాగా దగ్గరికి వెళ్లాడు. దొరతనమే వదిలేస్తే పై దొరకు ద్రోహం చేసినట్టు కాదని అతని ఆలోచన. లొంగడం ఇష్టంలేని తండ్రి దారియో అరాకి కోటకు వెళ్లి ఆ పక్షాన నిలిచాడు. బందీలు బతికారు. ఆ పిల్లవాడి ప్రాణానికి కాగితపు అంగీ కంటే తాత మొండితనమే ఎక్కువ అడ్డుపడిందని నా నమ్మకం. ఆ తాతకు తర్వాత ఎచిజెన్‌లో ప్రవాసం. ఉకోన్‌కు మాత్రం నొబునాగా తకత్సుకిని తిరిగి ఇచ్చాడు. అరాకి పారిపోయాక, 1579లో, అతని ఇంటి ఆడవాళ్లనూ పనివాళ్లనూ వందల సంఖ్యలో నొబునాగా చంపించాడు.

తకత్సుకిలో బౌద్ధ ఆలయాలు పోయింది కూడా ఈ తండ్రీకొడుకుల ఏలుబడిలోనే. తన అంతరాత్మ కోసం కోటనే వదిలిన మనిషి, ఊరివాళ్ల అంతరాత్మను అంతగా పట్టించుకోలేదు. ఇది దాచి అతన్ని పిల్లలకు చూపించలేను.

1614లో అప్పటి పాలకుడు తొకుగావా ఇయెయాసు వెళ్లగొడితే ఉకోన్ నాగసాకిలో ఓడెక్కి మనీలా చేరాడు. 1615 ఫిబ్రవరిలో జ్వరంతో పోయాడు. 2017లో ఒసాకాలో వేదసాక్షిగా అతన్ని ధన్యుడని ప్రకటించారు. అతను అందుకు తగినవాడే. ఆ ఓడలో భార్య, కూతురు, మనవలు కూడా ఉన్నారు. పెద్దవాళ్లు తెలిసే ఎక్కారనుకుంటాను. మనవలను ఎవరైనా అడిగారా?